మేక కేటగిరీలో పులి

మాణిక్యం నాలుగు రోజులుగా ఏమీ తినలేదు.

ఐదో రోజు ఉదయం తొమ్మిదిన్నరకి ఆ సంగతిని నేను ఫైల్లో ఇలా రాశాను: "పులి (ఆడ), పేరు మాణిక్యం, వయసు పదకొండు. సిబ్బంది మార్పు అనంతరం ఆహారం పట్ల విముఖత కనబరుస్తున్నది. పరిశీలించగలరు." సంతకం చేసి తలెత్తితే ఊచల వెనక నుంచి ఒక రేచుకుక్క నన్నే చూస్తోంది. దానికి నమస్కారం పెట్టి ఫైలు పైకి పంపాను.

నేను నక్కలమెట్ట జంతు ప్రదర్శనశాలలో ఆఫీసు సూపరింటెండెంటుని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా బల్ల ఎప్పుడూ ఫ్యాను కిందే ఉండేది. అది రేచుకుక్కల ఎన్‌క్లోజర్ ముందుకి ఎలా వచ్చిందో తెలియాలంటే మా క్యూరేటర్ చెరుకూరి విభాకర్ గారి చైనా యాత్ర దగ్గర మొదలుపెట్టాలి.

పాండాలు వెదురు ఎలా తింటాయో, ఎర్ర కిరీటం కొంగల గుడ్లు ఎలా పొదిగిస్తారో, బంగారు వన్నె కోతులకి చలికాలంలో ఏం పెడతారో నేర్చుకుని రమ్మని ప్రభుత్వం ఆయన్ని పదకొండు రోజులు చైనా పంపింది. ఆ పదకొండులో తొమ్మిది రోజులు ఆయనకి కడుపు బాగాలేదు. హోటల్ గదిలోనే ఉన్నారు. ఆ గదిలో గోడకి ఒక క్యాలెండర్ ఉంది. విభాకర్ గారు చైనాలో నేర్చుకున్నదంతా ఆ క్యాలెండర్ నుంచే నేర్చుకున్నారు.

అందులో పన్నెండు జంతువుల బొమ్మలు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఏడాదికొక జంతువు. పన్నెండేళ్ళకి చక్రం మళ్ళీ మొదటికొస్తుంది. ఏ ఏడు పుట్టిన మనిషికి ఆ జంతువు గుణం అబ్బుతుందని అక్కడి వాళ్ళు సరదాగా చెప్పుకుంటారట.

విభాకర్ గారు సరదాగా చెప్పుకునే మనిషి కాదు. విమానం దిగిన మూడో రోజున సర్క్యులర్ తెచ్చారు. పేరు, "జంతు–సిబ్బంది సంవత్సర సామరస్య విధానం". సారాంశం ఒక్కటే. ఎవరు ఏ ఏడు పుట్టారో ఆ జంతువు దగ్గరే పని చెయ్యాలి. నాలుగో క్లాజు: పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టిన తేదీయే అంతిమం, ఎంతటి అధికారికైనా మినహాయింపు లేదు. ఏడో క్లాజు: చైనా చక్రవర్తులు డ్రాగన్ చిహ్నంతో పాలించినందున, ఇకపై జూలో ఏ ఉత్తర్వైనా డ్రాగన్ ఏడు పుట్టిన అధికారి సంతకంతోనే చెల్లుతుంది.

విభాకర్ గారు 1976లో పుట్టారు. 1976 డ్రాగన్ అని క్యాలెండర్ చెప్పింది.

నేను 1970. కుక్క. అదీ నా బల్ల కథ.

*

ఆ సర్క్యులర్ చదివి వినిపించిన మీటింగులో మొదట లేచింది మా పశువైద్యురాలు డాక్టర్ నసీమా.

"సార్, నేను ఎనభై ఎనిమిది జూన్‌లో పుట్టాను. నాదీ డ్రాగనే. మన జూలో డ్రాగన్ లేదు కదా?"

"ప్రస్తుతానికి లేదు," అన్నారు క్యూరేటర్. "పోస్టు ఖాళీగా ఉంటే పని ఆపుతామా? ఇన్‌చార్జిని పెడతాం. ఉడుము ఉంది కదా."

ఆ మధ్యాహ్నమే ఉడుము బోను మీద కొత్త బోర్డు వేలాడింది: "డ్రాగన్ (ఇన్‌చార్జి)".

"నేను జూ అంతటికీ ఒక్కదాన్నే డాక్టర్ని సార్. ఉడుముకి జ్వరం కూడా రాదు."

"రాకుండా చూసుకోవడమే మీ డ్యూటీ."

రెండో మనిషి లేవలేదు. కూర్చున్నచోటే కూలబడ్డాడు. అతను టికెట్ కౌంటర్ సోమేశ్వర్. పిల్లి ఎదురైతే ఇంటికి తిరిగి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని గాని ఆఫీసుకి రాని మనిషి. 1974లో పుట్టాడు. పులి.

"సార్, నాకు పిల్లులంటేనే పడదు సార్."

"పులి పిల్లి కాదు సోమేశ్వర్. పిల్లికి ఆ క్యాలెండర్లో స్థానమే లేదు. నిశ్చింతగా వెళ్ళండి."

ఇక పైడయ్య. ముప్ఫై ఒక్కేళ్ళుగా పులుల దగ్గర పని చేస్తున్నాడు. మాణిక్యం పుట్టినప్పుడు తల్లిపులి దాన్ని దగ్గరికి రానివ్వకపోతే ఈయనే మేకపాలు సీసాలో పోసి, తువ్వాల్లో చుట్టుకుని పెంచాడు. సర్టిఫికెట్ ప్రకారం పుట్టింది 1967 జులై ఒకటి. మేక. పోస్టింగు, పిల్లల పార్కులో మేకల దొడ్డి.

అతను మెడలో వేలాడే పులి బోను తాళం తీసి సోమేశ్వర్ చేతిలో పెట్టాడు. "మాంసం ఎముకతో పెట్టు బాబూ. మెత్తని ముక్క ముందు పెడితే అలుగుతాది," అన్నాడు. సోమేశ్వర్ ఆ తాళాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి సోమేశ్వర్ పులికి ఆరు గజాల దూరంలో నిలబడి, కళ్ళు మూసుకుని, మాంసం బుట్టని కర్రతో నెట్టేవాడు. మాణిక్యం అతన్ని చూడనైనా చూడలేదు. గేటు వైపు తిరిగి పడుకుంది. ఒక రోజు. రెండు. మూడు. నాలుగు.

*

ఐదో రోజు మధ్యాహ్నం పైడయ్య నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో అర్జీ, దాని కింద వేలిముద్ర.

"బాబూ, నాను మేకేడు మనిసిని కాదు. పులేడులోనే పుట్టినాను. మాయమ్మ ఏలిముద్ర ఏసి సెప్పింది సూడండి."

అర్జీ చదివాను. ఆయన తల్లి పారమ్మ, ఎనభై రెండేళ్ళు. కొడుకు చీనావాళ్ళతో యుద్ధం వచ్చిన ఏడు పుట్టాడని చెప్పింది. బిడ్డకి నెల నిండిన రోజున ఊళ్ళోకి దండోరా వచ్చిందనీ, దేశం కోసం బంగారం ఇమ్మంటే తన నత్తు తీసి ఇచ్చేసిందనీ, కాబట్టి తప్పు పోయే ప్రసక్తి లేదనీ కూడా రాయించింది.

చీనా యుద్ధం 1962. క్యాలెండర్ చూశాను. 1962 పులి.

"మరి ఈ అరవై ఏడు ఎక్కడిది పైడయ్యా?"

"బళ్ళో ఏసినప్పుడు నాకు పదేళ్ళుంతాయి బాబూ. అయిదేళ్ళ పిల్లల్నే సేర్సుకోవాలని మేస్టారు రాసీసినారు. ఆ దినం సేరిన పదకొండుగురమూ ఒక్కనాడే పుట్టినాం."

"ఇన్‌వర్డ్ స్టాంపు వేయించావా?"

"ఏసేసినారు బాబూ. నంబరు కూడా ఇచ్చినారు."

 లేచి అతన్ని రేచుకుక్కల నీళ్ళ తొట్టి వెనక్కి తీసుకెళ్ళాను.

"పైడయ్యా, నువ్వు పులి ఏడు పుట్టావని రుజువైతే మాణిక్యం నీకొస్తుందా, రాదా చెప్పు."

"వొత్తాది."

"రాదు. మనకి రిటైర్మెంటు అరవై రెండుకి. అరవై రెండులో పుట్టినవాడివైతే నువ్వు రెండేళ్ళ కిందటే రిటైరయిపోయావు. ఈ కాగితం పైకి వెళ్ళిన రోజున నిన్ను మేకల దొడ్డిలోంచి కూడా బయటికి పంపేస్తారు. ఇక టికెట్ కొనుక్కుని వచ్చి చూడాలి పులిని."

పైడయ్య తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

"అయితే నాను ఎప్పుడు పుట్టినట్టు బాబూ?"

"నోరు మూసుకుంటే అరవై ఏడులో."

"కాయితం వొగ్గీయండి."

కాగితం చింపడం నా చేతిలో లేదు. రిజిస్టర్‌లో నంబరు పడ్డ కాగితం ప్రభుత్వంలో చావదు. అందుకని దాని మీద "మరింత పరిశీలనకై" అని రాసి, సామరస్య విధానం ఫైల్లో అన్నింటికన్నా అడుగున పెట్టాను. ఇంతకు మించిన సురక్షిత ప్రదేశం మా ఆఫీసులో లేదు.

పైడయ్య వెళ్ళబోతూ ఆగాడు. "అది పొద్దున్న నీళ్ళు కూడా తాగలేదంట బాబూ."

*

సర్క్యులర్‌లో ఒక చిన్న ఇబ్బంది ఉంది. క్యాలెండర్లో పన్నెండే జంతువులు. మా జూలో అరవై మూడు రకాలున్నాయి. సింహం, ఏనుగు, ఎలుగు, నీటిగుర్రం, నెమలి, మొసలి, వీటిలో దేనికీ ఏడు లేదు. ఏడు లేదు కాబట్టి వాటిని చూడ్డానికి అర్హత గల మనిషీ లేడు. ఆరో రోజు సాయంత్రం అత్యవసర మీటింగు.

"సింహానికి ఎందుకు లేదు?" అని ఎవరో అడిగారు.

క్యూరేటర్ గొంతు సవరించుకున్నారు. "పూర్వం దేవలోకపు చక్రవర్తి జంతువులన్నింటికీ పరుగు పందెం పెట్టాడు. ముందొచ్చిన పన్నెండింటికీ ఏడాదికొకటి చొప్పున కేటాయించాడు. ఎలుక ఎద్దు మీదెక్కి వెళ్ళి, చివర్లో ముందుకి దూకి ప్రథమ స్థానం సంపాదించింది."

"సింహం రాలేదా సార్?"

"గైర్హాజరు."

"ఎక్స్‌ప్లనేషన్ అడగమంటారా?" అన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి వద్దన్నారు.

నేను ఆ క్షణం కోసమే కూర్చున్నాను. మీటింగుకి ముందే జనన రిజిస్టర్ తిరగేసి వచ్చాను. "సార్, ఒక మనవి. మనిషి ఏ ఏడు పుడితే ఆ జంతువు అయినప్పుడు, జంతువు కూడా ఏదో ఒక ఏడు పుట్టే ఉంటుంది కదా? సింహం 2016లో పుట్టింది. అంటే కోతి. కోతి ఏడు సిబ్బంది మనకి నలుగురున్నారు."

 విభాకర్ గారి కళ్ళు మెరిశాయి. "ఇది చైనాలో కూడా ఆలోచించలేదు!"

"ఏడు లేని జంతువులకి మాత్రమే వర్తింపజేద్దాం సార్," అంది నసీమా ఆదుర్దాగా.

"అది వివక్ష అవుతుంది డాక్టర్ గారూ. అన్ని జంతువులకీ ఒకటే రూలు."

నేను తల వంచుకుని నోట్ రాసుకున్నాను. మాణిక్యం పుట్టింది 2015 ఆగస్టు. మేక. మేక కేటగిరీకి నియమితుడైన ఉద్యోగి, బూరి పైడయ్య. "సదరు పులి బాల్యమున మేకపాలు సేవించినట్లు కూడా రికార్డున్నది" అని ఒక వాక్యం అదనంగా చేర్చాను. దొడ్డిలోని అసలు మేకలు మూడూ 2022లో పుట్టాయి. పులి కేటగిరీ. వాటికి సోమేశ్వర్.

ఏనుగు 1984. ఎలుక. మా దగ్గర ఎలుకల విభాగమంటే పాముల ఇంటి వెనక, పాముల ఆహారానికి తెల్ల ఎలుకల్ని పెంచే గది. తలుపు వెడల్పు రెండున్నర అడుగులు. కమిటీ వెళ్ళి కొలిచి వచ్చింది. ఏనుగు భౌతికంగా ఎక్కడున్నా, స్టాకు రిజిస్టర్‌లో మాత్రం ఎలుకల గదిలో ఉన్నట్టు భావించాలని తీర్మానించారు.

ఏడో రోజు ఉదయం పైడయ్య గేటు గడియ తీశాడు. ఆ చప్పుడుకి మాణిక్యం లేచి నిలబడింది. నేను పది అడుగుల దూరం నుంచి చూశాను. ఎముకతో ఉన్న ముక్క ముందు, మెత్తని ముక్క తరవాత. మొత్తం బుట్ట పది నిమిషాల్లో ఖాళీ.

"ఏటే, అలిగినావా?" అన్నాడు పైడయ్య. అంతకు మించి వాళ్ళిద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

అంతా సర్దుకుందని నేను ఫ్యాను కిందికి వెళ్ళే దారి ఆలోచిస్తున్నాను. మధ్యాహ్నం మేత ఉత్తర్వు వచ్చింది.

"ఇకపై జంతువుల ఆహారము కేటగిరీ ప్రకారమే జారీ చేయబడును."

*

ఎనిమిదో రోజు పులికి ఇచ్చింది: అవిశాకు రెండు కట్టలు, జొన్నచొప్ప ఒక మోపు, ఉప్పుగడ్డ ఒకటి.

మేకలకి ఇచ్చింది: ఎముకతో కూడిన మాంసం, ఒక్కో దానికి ఆరు కిలోలు.

మేకలు మాంసాన్ని వాసన చూశాయి, ఆ తరవాత బుట్టల్లో ఒకదాన్ని తిన్నాయి. పులి జొన్నచొప్ప మీద పడుకుంది. మెత్తగా ఉన్నట్టుంది, లేవలేదు. కానీ తినలేదు.

పైడయ్య దాని కింద మిగిలిన చొప్పనీ అవిశాకునీ లాగి మోపు కట్టి, నెత్తికెత్తుకుని మేకల దొడ్డికి నడిచాడు. దొడ్డి దగ్గర సోమేశ్వర్ మాంసం ఎదురుగా తువ్వాలు ముక్కుకి కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సోమేశ్వర్‌బాబూ, నీ బుట్ట నాకియ్యి. నా మోపు నువ్వు తీసుకో."

"ఎవరైనా చూస్తే?"

"నీళ్ళ టేంకు ఎనకాల ఎవలు సూత్తారు?"

"సస్పెండ్ చేస్తారు పైడయ్యా. నాకు పెద్దమ్మాయి ఇంటర్ పరీక్షలు."

"ఆ బోన్లో ఉన్నది పులి బాబూ. ఆకలేసిన పులి. రేపు మళ్ళీ జాబితా మారి నిన్ను దాని దగ్గరికి పంపినారనుకో..."

సోమేశ్వర్ బుట్ట ఇచ్చేశాడు.

అలా రోజూ ఉదయం తొమ్మిదింటికి నీళ్ళ ట్యాంకు వెనక బుట్టలు మారేవి. వారం తిరిగేసరికి ట్యాంకు వెనక రద్దీ పెరిగింది. కోతి కేటగిరీ సింహానికి ఇచ్చిన అరటిపళ్ళు అసలు కోతులకి, కోడి కేటగిరీ నీటిగుర్రానికి ఇచ్చిన నూకలు అసలు కోళ్ళకి చేరేవి. జూ మొత్తం ఆ ట్యాంకు వెనక నడిచేది. ముందువైపు విధానం అమలయ్యేది. "సామరస్య విధానం నూటికి నూరు పాళ్ళు విజయవంతం, జంతువుల బరువు నిలకడగా ఉంది" అని క్యూరేటర్ ప్రభుత్వానికి నివేదిక పంపారు. అబద్ధమేమీ లేదు.

అప్పుడే ఉత్తరం వచ్చింది. చైనా నుంచి లిన్ అనే జంతు నిపుణురాలు వస్తోంది. మా జూకి ఒక జత ఎర్ర పాండాలు ఇవ్వొచ్చో లేదో చూసి వెళ్తుంది. విభాకర్ గారికి ఎర్ర పాండాలంటే ప్రమోషన్.

"ఆవిడ మన విధానం చూసి కళ్ళు తిరిగి పడిపోవాలి," అన్నారు.

ఆయన అన్నది దాదాపు అలాగే జరిగింది.

*

లిన్ గారు సన్నగా, పొట్టి జుట్టుతో, మాసిన బూట్లతో ఉన్నారు. చెయ్యి కలుపుతూ చూస్తే గోళ్ళ కింద మట్టి. జంతువులతో పనిచేసే మనిషని అక్కడే తెలిసింది. నెమ్మదిగా ఇంగ్లీషు మాట్లాడేవారు.

గేటు దగ్గర మరో అతిథి కూడా ఉంది. పారమ్మ. చీనా ఆవిడ వస్తోందని విని, ఆటో ఎక్కి వచ్చేసింది.

"ఏటమ్మా," అంది లిన్ గారి చెయ్యి పట్టుకుని, "యుద్దంనాడు నా నత్తు ఇచ్చీసినాను. దాన్నేటి సేసినారు?"

నసీమా ఇంగ్లీషులో చెప్పింది. లిన్ గారు కంగారుగా తన చెవులూ ముక్కూ తడుముకున్నారు.

"అది వీళ్ళకి ఇవ్వలేదు పారమ్మా," అన్నాను. "మన ప్రభుత్వానికి ఇచ్చావు."

"మనోళ్ళనడిగితే సెప్పరు బాబూ. ఈయమ్మ నిజం సెప్పేదానిలాగుంది."

క్యూరేటర్ చిరాకుగా ముందుకి నడిచారు. మొదటి మజిలీ ఉడుము. "డ్రాగన్ (ఇన్‌చార్జి)" అన్న బోర్డుని నసీమా అనువదించింది. లిన్ గారు ఉడుము వైపు చూశారు, బోర్డు వైపు చూశారు, నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నారు. ఏనుగు ముందు "ఎలుక" అన్న బోర్డు చూసి ఆ పేజీ తిప్పేశారు.

సరిగ్గా తొమ్మిదింటికి వాళ్ళు నీళ్ళ ట్యాంకు దగ్గరికొచ్చారు. నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. లాభం లేకపోయింది.

ట్యాంకు వెనక పైడయ్య, సోమేశ్వర్, ఇద్దరి మధ్యా గాల్లో ఒక మాంసం బుట్ట.

"దొంగతనం!" అన్నారు క్యూరేటర్. "పులి కేటగిరీ ఆహారాన్ని మేకకి తరలిస్తున్నారు!"

సోమేశ్వర్ బుట్ట వదిలేశాడు. పైడయ్య వదల్లేదు.

"మేకకి కాదు బాబూ. మాణిక్యానికి."

"మాణిక్యం మేక! అధికారికంగా మేక!" ఆయన నా వైపు తిరిగారు. "సూపరింటెండెంట్! ఈ మనిషి కాగితాలు. ఇప్పుడే."

అందరం రేచుకుక్కల ముందున్న నా బల్ల దగ్గరికి వచ్చాం. నేను పైడయ్య సర్వీసు రిజిస్టర్ ఇచ్చాను. ఆయన అది చాలదన్నారు. సామరస్య విధానం ఫైలు కూడా తెమ్మన్నారు. పైనుంచి ఒక్కో కాగితం తీస్తూ వెళ్ళారు.  ఫైలు సన్నబడుతోంది. నాలుగు కాగితాలు. మూడు. రెండు.

అడుగున ఉన్నది తీశారు. వేలిముద్ర ఉన్నది.

ఆయన చదివారు. మొదట "యుద్ధం" అన్న మాట దగ్గర ఆగి, లిన్ గారి వైపు ఒక చూపు చూసి, కాగితాన్ని ఛాతీకి దగ్గరగా పట్టుకున్నారు. తరవాత మళ్ళీ చదివారు. ఈసారి మొహంలో నవ్వు వచ్చింది. పారమ్మ వైపు తిరిగి ఎంతో మర్యాదగా అడిగారు.

"అమ్మా, మీవాడు నిజంగా ఏ ఏడు పుట్టాడు?"

పైడయ్య తల్లి వైపు చూశాడు. తల అడ్డంగా ఆడించాడు. ఎనభై రెండేళ్ళ మనిషికి ఆ దూరంలో అది కనబడలేదు.

"చీనా యుద్దం ఏడు బాబూ," అంది పారమ్మ గర్వంగా. "నాకు మతిమరుపు లేదు."

"చాలు." విభాకర్ గారు పెన్ను తీశారు. "1962. నాలుగో క్లాజు పోస్టింగులకే గాని రిటైర్మెంటుకి కాదు. అంటే ఈయన రెండేళ్ళుగా అక్రమంగా ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడే తొలగిస్తున్నాను. ఏడో క్లాజు కింద, డ్రాగన్ అధికారి హోదాలో."

పైడయ్య బుట్ట కింద పెట్టాడు. "సార్, పులికి ఈ పూట పెట్టేసి ఎల్తాను. అది నా సేతిలోదే తింటాది."

"నువ్వు ఎవరికీ ఏమీ పెట్టడానికి వీల్లేదు. నువ్విప్పుడు సందర్శకుడివి."

నసీమా ఇదంతా గొంతు తగ్గించి లిన్ గారికి చెబుతోంది. ఆవిడ కనుబొమలు పైకి లేచాయి. "డ్రాగన్ అధికారి" దగ్గర ఆపి, క్యూరేటర్‌ని అడిగారు.

"మీ పుట్టినరోజు ఎప్పుడు?"

"1976," అన్నారు ఆయన, పెన్ను ఆపకుండా. "జనవరి పది."

లిన్ గారు ఫోన్ తీసి ఏదో చూశారు. మరోసారి చూశారు. ఆవిడ గొంతులో నిజమైన సానుభూతి వినిపించింది.

"ఆ ఏడాది మా కొత్త సంవత్సరం జనవరి ముప్ఫై ఒకటిన వచ్చింది. అంతకు ముందు పుట్టినవాళ్ళు పాత ఏడువాళ్ళే. మీరు కుందేలు."

పెన్ను ఆగింది.

"క్యాలెండర్లో... 1976..."

"మనకి కూడా ఉగాది జనవరి ఒకటిన రాదు కదా సార్," అన్నాను నేను.

"కుందేలు మంచిదే," అన్నారు లిన్ గారు ఓదార్పుగా. "నెమ్మదైనది. పిల్లలు ఇష్టపడతారు. నాది పులి ఏడు. పులి ఏడు ఆడపిల్లంటే గయ్యాళి అవుతుందని మా వైపు పెళ్ళిసంబంధాలు రావు. మా అమ్మమ్మ అందరికీ నా వయసు ఒక ఏడు తగ్గించి చెప్పేది." పైడయ్య వైపు చూసి నవ్వారు. "మీకెవరో అయిదేళ్ళు తగ్గించారా? ధైర్యవంతుడు."

"మరి మీ జూలలో ఈ విధానం...?" అన్నారు క్యూరేటర్.

"ఇది కొత్త సంవత్సరం రోజున అన్నం తింటూ చెప్పుకునే మాట. మా జూలో ఒకటే చూస్తాం. జంతువు ఎవరి చేతిలోంచి తింటుందో."

 ఏడో క్లాజు అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆ ప్రాంగణంలో డ్రాగన్ ఏడు పుట్టిన అధికారి ఇక ఒక్కరే. తలలన్నీ నసీమా వైపు తిరిగాయి.

ఆమెకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "అయితే," అంది, "ముందు పులికి మాంసం పంపండి. పైడయ్యగారే తీసుకెళ్ళాలి. ఇది డ్రాగన్ ఉత్తర్వు."

పైడయ్య అప్పటికే బుట్టతో సగం దూరం వెళ్ళిపోయాడు. లిన్ గారు ఆయన వెనకే నడిచారు. పారమ్మ ఇద్దరి వెనకా.

*

విభాకర్ గారు నా కుర్చీలో కూర్చున్నారు. రేచుకుక్క ఆయన వైపు ఆసక్తిగా చూసింది.

"సూపరింటెండెంట్ గారూ, దారి ఏమైనా ఉందా?" ఉద్యోగంలో చేరాక ఆయన నన్ను గారూ అనడం అదే మొదటిసారి.

"రెండున్నాయి సార్. మొదటిది, మీరు నిజానికి ఫిబ్రవరిలో పుట్టారని మీ అమ్మగారి చేత వేలిముద్ర వేయించి అర్జీ పెట్టుకోవడం. కానీ నాలుగో క్లాజు దాన్ని ఒప్పుకోదు. సర్టిఫికెట్టే అంతిమం. మీకు రేపటి నుంచి కుందేళ్ళ గూళ్ళు. వాటి మీద అధికారి ఇప్పుడు నసీమా గారు."

"రెండోది?"

"సర్క్యులర్‌ని జారీ చేసిన రోజు నుంచే రద్దు చెయ్యడం. అసలు పుట్టనట్టే. ఏడో క్లాజే లేనట్టు కాబట్టి మీ సంతకం చాలు. అప్పుడు ఫైలంతా రద్దు. ఫైల్లో కాగితాలన్నీ రద్దు. అర్జీలు, వేలిముద్రలు, మొత్తం."

ఆయన నన్ను అనుమానంగా చూశారు. "వేలిముద్రలు కూడానా?"

"ఏరి ఒకటి ఉంచుకోవడానికి లేదు సార్. ఒకటి ఉంచితే సర్క్యులర్ ఉన్నట్టే. సర్క్యులర్ ఉంటే కుందేలు ఉన్నట్టే."

ఆయన సంతకం చేశారు. డ్రాఫ్టు వారం రోజుల కిందటే రాసి నా సొరుగులో పెట్టుకున్నాను కాబట్టి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఉత్తర్వుతో ఉడుము మళ్ళీ ఉడుమైంది. సింహం కోతి పదవి నుంచి విడుదలైంది. పైడయ్య 1962లో పుట్టడం కూడా అందులోనే రద్దయింది.

ఏనుగు మాత్రం స్టాకు రిజిస్టర్‌లో ఎలుకల గదిలోనే ఉంది. స్టాకు రిజిస్టర్ శాశ్వత రికార్డు. దిద్దకూడదు. పై అధికారులు తనిఖీకి వచ్చినప్పుడల్లా రెండున్నర అడుగుల తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, టిక్కు పెట్టి వెళ్తున్నారు. మూడు మేకల సంగతి ఇంకోటి. అవి ఇప్పుడు బుట్ట పెడితేగాని ఆకు ముట్టడం లేదు. సోమేశ్వర్ టికెట్ కౌంటర్ నుంచి మధ్యాహ్నాలు వచ్చి వాటిని చూసి వెళ్తుంటాడు.

లిన్ గారి నివేదిక నెల తరవాత వచ్చింది. "సిబ్బందికి జంతువుల పట్ల అపారమైన శ్రద్ధ ఉంది, ముఖ్యంగా నీళ్ళ ట్యాంకు వెనక" అని రాశారు. ఎర్ర పాండాల మీద ఇంకా ఆలోచిస్తారట.

కానీ నాకు గుర్తుండేది ఆ రోజు ఉదయమే. సంతకం అయిన ఉత్తర్వు పట్టుకుని నేను పరుగున పులి ఎన్‌క్లోజర్‌కి వెళ్ళాను. బుట్ట ఖాళీ. మాణిక్యం ఎముక నాకుతోంది. లిన్ గారు నేల మీద గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నారు. పైడయ్య నా చేతిలో కాగితం చూశాడు.

"నాను ఎప్పుడు పుట్టినాను బాబూ?"

"అరవై ఏడు, జులై ఒకటి. ఇంకా మూడేళ్ళుంది నీకు."

అతను తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. పారమ్మకి ఈ లెక్క నచ్చలేదు.

"అయితే నువ్వేటి ఏడురా?"

"మేకేడమ్మా."

"నిన్ను కన్నది నేన్రా!"

"సర్కారు రాసిందమ్మా."

ముసలమ్మ ఊచల లోపలికి వేలు చూపించింది. "మరి అది?"

"అదీ మేకేడేనంట."

మాణిక్యం ఎముక వదిలేసి లేచింది. ఒళ్ళు విరుచుకుంది. తల పైకెత్తి ఒక్కసారి గాండ్రించింది. అవతల ఎన్‌క్లోజర్‌లో రేచుకుక్కలన్నీ తోకలు ముడిచి గూట్లోకి పరుగెత్తాయి. వాటి ముందు నా బల్ల దగ్గర కూర్చున్న క్యూరేటర్ గారు కూడా లేచి నిలబడ్డారు.

పారమ్మ చెవి మీద నుంచి చెయ్యి తీసింది.

"మేకే," అంది.